గిలి : నవ్వుకూ భయానికీ మధ్య ఒక మాట

కొన్ని మాటల అర్థం నిఘంటువుకన్నా శరీరానికే బాగా తెలుసు. చక్కిలిగింత అటువంటి మాట. చంక వైపు వేలు చూపిస్తే చాలు, తాకకముందే పసివాడు ముడుచుకుపోయి కిలకిల నవ్వుతాడు. పెద్దవారిలోనూ ఆ మాట వినగానే చేతులు దగ్గరకు ముడుచుకునేవారు ఉంటారు. ఇంత చిన్న అనుభవానికి ఒక చరిత్ర ఉందంటే వింతగా తోచవచ్చు. కాని ప్రాచీన గ్రీసు తత్త్వవేత్తలు మొదలుకొని నేటి నాడీశాస్త్రజ్ఞుల వరకు ఎందరో దీనిని గురించి ఆలోచించారు. ఇది ఎందుకు కలుగుతుంది? ఎందుకు నవ్విస్తుంది? ఎవరికి వారు చక్కిలిగింతలు పెట్టుకోలేకపోవడానికి కారణమేమి? ఈ మూడు ప్రశ్నలూ ఇరవైమూడు శతాబ్దాలకు పైగా మనిషిని వెంటాడాయి.

ఈ చరిత్రను తిరగవేసినప్పుడు ఒక విషయం స్పష్టపడుతుంది. చక్కిలిగింతలోని నవ్వు సంతోషానికి నమ్మదగిన సాక్ష్యం కాదు. ఈ సంగతిని శాస్త్రం ఆలస్యంగా గ్రహించింది. భాషలు మాత్రం ఎప్పుడో గుర్తించి తమ పదాలలో దాచిపెట్టాయి. అందువల్ల ముందుగా మాటలతోనే మొదలుపెట్టడం ఉచితం.

తెలుగులో ఒక కుటుంబం

ఈ అనుభవానికి తెలుగులో ఉన్నది ఒక్క మాట కాదు, ఒక కుటుంబం. చక్కిలిగింత, చక్కిలిగిలి, గిలిగింత, కితకితలు అన్నీ వాడుకలో ఉన్నవే. ప్రాంతాన్ని బట్టి, ఇంటిని బట్టి ఒకరికి ఒకటి దగ్గరగా తోస్తుంది. కితకిత అనేది గజగజ, చిమచిమ, జివజివ వంటి జంటపదాల కోవకు చెందినది. వణుకుకు శబ్దం లేదు, మంటకు శబ్దం లేదు. అయినా భాష వాటికొక శబ్దాన్ని కల్పించి ఇచ్చింది. చర్మం మీద వేళ్ళు త్వరత్వరగా ఆడడాన్ని కితకిత అనే రెండు మారుల చప్పుడు చెవికి వినిపింపజేస్తుంది. హాస్యం పండని నాటకాన్ని గూర్చి "కితకితలు పెట్టినా నవ్వు రాదు" అని వెక్కిరించడం మనకు పరిపాటి. హాస్యానికి ఈ మాట ఎంతగా పర్యాయమైపోయిందంటే, 2006లో వచ్చిన ఒక హాస్యచిత్రానికి కితకితలు అనే పేరే పెట్టారు.

చక్కిలిగిలి, గిలిగింతలు రెండింటిలోనూ ఉన్న ముఖ్యమైన మాట గిలి. పులకింత, కవ్వింత, కేరింత, తుళ్ళింతలలో చివర వినిపించే ధ్వనే గిలిగింత చివరనూ వినిపిస్తుంది. ఆ పదాలన్నీ ఉల్లాసానికి సంబంధించినవి కనుక గిలిగింత కూడా పూర్తిగా ఉల్లాసమేనని మనకు తోస్తుంది. కాని గిలి అనే మాటను విడిగా వాడిచూడండి. "ఆ కబురు విన్నప్పటి నుంచి మనసులో గిలి పట్టుకుంది" అంటే అర్థమేమిటి? అక్కడ నవ్వు లేదు. ఉన్నది భయం, ఏదో కానిది జరగబోతున్నదనే శంక. ఒకే మాట చంకలో పుట్టినప్పుడు నవ్విస్తుంది, మనసులో పుట్టినప్పుడు నిద్ర పట్టనివ్వదు. ఈ రెండు అర్థాలు ఒక్క పదంలో ఇమిడి ఉండడంలో ఒక ఔచిత్యం ఉన్నదని ఇకముందు చూస్తాం.

ఇరుగుపొరుగు భాషలు చెప్పే సాక్ష్యం

కన్నడంలో దీనిని కచగుళి అంటారు, మలయాళంలో ఇక్కిళి, హిందీలో గుద్‌గుదీ, బెంగాలీలో కాతుకుతు. తమిళులు పిల్లలకు కిచ్చుకిచ్చు పెడతారు. ఇన్ని భాషలలోనూ ఒకే విధమైన చిన్న చిన్న హల్లులు గబగబ దొర్లడం గమనించదగినది.

తమిళంలో మరొక మాట ఉంది, కూచ్చం. తాకితే కలిగే గిలి కూచ్చమే. కొత్తవారి ముందు కలిగే సిగ్గు, బిడియం కూడా కూచ్చమే. చల్లని నీరు తగిలి పళ్ళు జివ్వుమంటే దానినీ పల్ కూచ్చం అంటారు. చర్మం ముడుచుకోవడం, మనసు ముడుచుకోవడం, పన్ను ఓర్వలేకపోవడం, మూడింటికీ ఒకటే మాట.

సంస్కృతంలో హృష్ అనే ధాతువు ఇటువంటిదే. దాని నుంచి వచ్చిన హర్షం అంటే మనకు ఆనందమే స్ఫురిస్తుంది. కాని రోమహర్షం అంటే వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం. అది ఆనందంతోనూ జరుగుతుంది, భయంతోనూ జరుగుతుంది. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు తనకు కలుగుతున్నదని చెప్పిన రోమహర్షంలో ఆనందం లేశమైనా లేదు. ఆయుర్వేదంలో ఈ ధాతువు రోగాల పేర్లలోనే చేరింది. సుశ్రుత సంహితలోని నిదానస్థానం పాదహర్షం అనే వాతవ్యాధిని పేర్కొంటుంది. పాదాలు జిలజిలలాడుతూ, తిమ్మిరెక్కి మొద్దుబారినట్లు ఉండడం దాని లక్షణం. పళ్ళు చల్లదనాన్ని, వేడిని, స్పర్శను ఓర్వలేకపోవడాన్ని దంతహర్షం అన్నారు. తమిళుల పల్ కూచ్చం, సుశ్రుతుని దంతహర్షం రెండూ ఒకే బాధకు పేర్లు. ఒకటి బిడియం నుంచి, మరొకటి పులకింత నుంచి వచ్చినవి.

ఐరోపా భాషలలోనూ ఇదే ధోరణి. ఇంగ్లీషులోని టికిల్ అనే మాట మధ్యయుగాల ఇంగ్లీషు నుంచే ఉన్నది. తేలికగా తాకడం అనే అర్థం గల టిక్ నుంచి అది పుట్టి ఉంటుందని పండితుల ఊహ. దాని నుంచి వచ్చిన టిక్లిష్ అనే విశేషణానికి చక్కిలిగింతలు ఎక్కువగా గలవాడని ఒక అర్థం, చిక్కైనది, జాగ్రత్తగా మెలగవలసినది అని మరొక అర్థం. స్కాట్లండ్ వాడుకలోని కిటిల్ అనే మాటకు, జర్మన్‌లోని కిట్స్‌లిష్ అనే మాటకు కూడా ఇదే ద్వంద్వార్థం ఉంది. ఫ్రెంచివారు చక్కిలిగింతలకు సంబంధించిన విశేషణాన్నే చీటికిమాటికి నొచ్చుకొనే మనిషికీ వాడతారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మన కితకితకూ, జర్మన్ కిట్సెల్న్‌కూ, పాత నార్స్ భాషలోని కిట్లాకూ ధ్వనిలో పోలిక కనిపిస్తుంది. దానిని బట్టి తెలుగుకూ జర్మన్‌కూ చుట్టరికం కట్టకూడదు. తేలికగా, త్వరగా కదిలే స్పర్శను తేలికగా, త్వరగా పలికే ధ్వనులతో సూచించాలన్న కోరిక మనుషులందరిలోనూ ఉన్నది. ఆ పోలిక భాషల బంధుత్వం నుంచి వచ్చినది కాదు. మనిషి చర్మం ఎక్కడైనా ఒకటే కావడం నుంచి వచ్చినది.

తత్త్వవేత్తల ఆలోచన

క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దంలో అరిస్టాటిల్ జంతువుల శరీరభాగాలను గూర్చిన తన గ్రంథంలో చక్కిలిగింతల ప్రస్తావన తెచ్చాడు. మనిషికి మాత్రమే చక్కిలిగింతలు ఉండడానికి రెండు కారణాలు చెప్పాడు: మనిషి చర్మం పలుచనిది, పైగా జంతువులన్నింటిలో నవ్వగలిగినవాడు మనిషి ఒక్కడే. ఛాతీని కడుపు నుంచి వేరుచేసే విభాజకపటలం కదిలినప్పుడు ఆ కదలిక మనసు ప్రమేయం లేకుండానే నవ్వు పుట్టిస్తుందని ఆయన అభిప్రాయం. యుద్ధంలో ఆ భాగానికి గాయమైనవారు నవ్వారన్న మాటను కూడా ఆయన ఆ సందర్భంలోనే ఉదాహరించాడు. వివరాలు ఎట్లున్నా, ఈ నవ్వు మన ఇష్టంతో వచ్చేది కాదన్న గుర్తింపు అప్పుడే మొదలయింది. ఆయన పేరుతో ప్రచారంలో ఉన్న ప్రశ్నల సంకలనంలో, ఎవరూ తనకు తాను చక్కిలిగింతలు పెట్టుకోలేకపోవడం ఎందువల్ల అన్న ప్రశ్న కూడా ఉన్నది. ఊహించని స్పర్శకే ఆ శక్తి ఉంటుందన్నది అందులోని సమాధానం. ఆ సమాధానం ఎంత దూరం నిలిచిందో తరువాత చూద్దాం.

1627లో, ఫ్రాన్సిస్ బేకన్ మరణించిన మరుసటి ఏట ప్రచురితమైన ఆయన గ్రంథంలో మరొక పరిశీలన ఉంది. అరికాళ్ళు, చంకలు, డొక్కలు ఎక్కువగా గిలిపెట్టే చోట్లు. అక్కడి చర్మం పలుచనిది కావడం, ఆ చోట్లను ఇతరులు తాకడం అరుదు కావడం దానికి కారణాలని ఆయన భావించాడు. అరికాలి చర్మం నిజానికి మందమైనది. ఆ మేరకు బేకన్ వివరణ సరిపోదు. కాని అలవాటు లేని స్పర్శ అన్న రెండవ మాటలో లోతు ఉంది.

1649లో రెనే డెకార్ట్ తన చిత్తవికారాల గ్రంథంలో మరింత లోతుకు వెళ్ళాడు. గిలిగింత, నొప్పి దగ్గరి చుట్టాలని ఆయన చెప్పాడు. నాడులలో పుట్టే ఆ కదలిక, వాటికి తట్టుకొనే బలం లేకపోతే హాని చేయగలిగినదే. కాని అవి తట్టుకొంటాయి. ఆ బలాన్ని గుర్తించి మనసు సంతోషిస్తుంది. అంటే గిలిగింతలోని ఆనందం, ప్రమాదం దాపునకు వచ్చి తప్పిపోవడంలోని ఆనందం. గిలి అనే తెలుగు మాటలోని రెండు అర్థాలకు ఇంతకన్నా చక్కని భాష్యం దొరకదు.

డార్విన్ పరిశీలన, రెండు కొత్త పేర్లు

1872లో చార్లెస్ డార్విన్ మనుషులలోనూ జంతువులలోనూ ఉద్వేగాల వ్యక్తీకరణను గూర్చి ఒక గ్రంథం రాశాడు. చింపాంజీ వంటి వానరాలను చంకలో గిలిపెడితే అవి నవ్వు వంటి శబ్దం చేస్తాయని అందులో పేర్కొనడంతో, చక్కిలిగింత మనిషికే పరిమితమన్న అరిస్టాటిల్ మాట వీగిపోయింది. 2009లో మరీనా డవిలా రాస్, ఆమె సహచరులు ఒరాంగుటాన్, గొరిల్లా, చింపాంజీ, బొనోబో పిల్లలకూ, మానవ శిశువులకూ చక్కిలిగింతలు పెట్టి ఆ ధ్వనులను పోల్చి చూశారు. ఈ నవ్వు మూలాలు కోటి నుంచి కోటీ అరవై లక్షల సంవత్సరాల వెనుక జీవించిన ఉమ్మడి పూర్వజీవుల వరకు వెళ్తాయని వారు తేల్చారు. మాటకన్నా నవ్వు ఎంతో ప్రాచీనమైనది.

డార్విన్ గ్రంథంలో మనకు ఎక్కువ అవసరమైన పరిశీలన మరొకటి ఉంది. నవ్వు రావాలంటే స్పర్శ తేలికగా ఉండాలి, ఎక్కడ తాకబోతున్నారో తెలియకూడదు, మనసు ఉల్లాసంగా ఉండాలి. ముక్కూమొగమూ తెలియని మనిషి చక్కిలిగింతలు పెడితే చిన్న పిల్లవాడు నవ్వడు, భయంతో కేకలు వేస్తాడు. చేయి అదే, చోటు అదే, స్పర్శ అదే. మారినది నమ్మకం ఒక్కటే. మరుసటి ఏట, 1873లో, జర్మన్ మనోవైద్యుడు ఏవాల్డ్ హెకర్ కూడా హాస్యాన్నీ చక్కిలిగింతలనూ ఒకే మూలానికి ముడివేశాడు. ఛలోక్తి మనసుకు పెట్టే చక్కిలిగింత అన్న ఈ భావం డార్విన్ హెకర్ సిద్ధాంతంగా నిలిచింది.

1897లో స్టాన్లీ హాల్, ఆర్థర్ ఆలిన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ విషయంపై సుదీర్ఘమైన వ్యాసం ప్రచురించి, ఒకే మాట కింద కలిసిపోయిన రెండు అనుభవాలను విడదీశారు. ఈక, దారపు పోగు, చీమ వంటివి చర్మం మీద కదిలినప్పుడు కలిగే సన్నని జిలను గ్రీకు మూలం నుంచి నిస్మెసిస్ అన్నారు. చంకలో, డొక్కలో వేళ్ళతో కాస్త గట్టిగా పెట్టి నవ్వించేదానికి గార్గలెసిస్ అని పేరు పెట్టారు. మొదటిది నవ్వించదు, గోకిస్తుంది. రెండవది నవ్విస్తుంది, కాని దానికి మరొక మనిషి కావాలి. చీమ పాకినట్లుండే జిలనూ, నవ్వించే చక్కిలిగింతనూ వేరుగా చూడడానికి తెలుగు పాఠకునికి పెద్ద శ్రమ అక్కరలేదు.

చర్మం నుంచి మెదడుకు

చీమ పాకినట్లుండే జిల మనకు ప్రకృతి పెట్టిన కాపలా. చర్మపు పైపొరలలో ఉండే సున్నితమైన నాడీ అంతాలు ఈ కదలికను పసికట్టి, మనం ఆలోచించేలోపే చేతిని అక్కడికి పంపుతాయి. 1939లో స్వీడన్ దేశపు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఇంగ్వె జోటర్మన్ పిల్లుల చర్మనాడులలోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసి, ఈ అనుభూతికి నొప్పిని మోసే సన్నని నాడీతంతువులతో సంబంధం ఉన్నదని చూపాడు. నొప్పి, వేడి, చలి, దురద, గిలి వెన్నుపాములో ఒకే మార్గాన మెదడుకు చేరుతాయని నేడు వైద్యవిద్యార్థులు తొలి సంవత్సరంలోనే చదువుకుంటారు. డెకార్ట్ ఊహించిన చుట్టరికం ఇట్లా శరీరంలోనే కనిపించింది.

ఆరోగ్యం దృష్ట్యా ఇక్కడ గుర్తుంచుకోవలసిన మాట ఒకటి ఉంది. ఈ సన్నని స్పర్శ ఉండడం కన్నా లేకపోవడమే వైద్యుడిని కలవరపెడుతుంది. కుష్ఠువ్యాధి మచ్చపై దూదిపోచతో తాకితే రోగికి తెలియకపోవడం ఆ వ్యాధికి ముఖ్యమైన గుర్తు. మధుమేహం పాతబడినవారిలో పాదాల స్పర్శ క్రమంగా తగ్గిపోతుంది. చెప్పులో రాయి ఉన్నా తెలియదు, పుండు పడినా తెలియదు. అందుకే మధుమేహ రోగుల పాదాలను 10 గ్రాముల ఒత్తిడి కలిగించే సన్నని నైలాన్ పోగుతో ఏటా పరీక్షించాలంటారు. అరికాలి స్పర్శ మందగించినట్లు అనిపిస్తే అది ఓర్పు పెరిగిందనుకోవడానికి కారణం కాదు, వైద్యుని కలవడానికి కారణం.

తనకు తాను పెట్టుకోలేని చక్కిలిగింత

ఇక ప్రాచీనుల మూడవ ప్రశ్న. 1971లో లారెన్స్ వైస్‌క్రాంట్జ్, ఆయన సహచరులు అరికాలిని గిలిపెట్టే ఒక చిన్న పెట్టెను తయారుచేశారు. పరిశోధకుడు దానిని నడిపితే గిలి ఎక్కువ, ఎవరికి వారు నడుపుకొంటే తక్కువ. పరిశోధకుడు నడుపుతున్న పిడిపై పాల్గొన్నవారు ఊరికే చేయి వేసి ఉంచితే గిలి ఆ రెండింటికీ మధ్యగా నిలిచింది. 1998లో సారా జేన్ బ్లేక్‌మోర్, డానియల్ వోల్పర్ట్, క్రిస్ ఫ్రిత్ లండన్‌లో మెదడు చిత్రణ ద్వారా దీనికి కారణం చూపించారు. మనం చేయి కదపబోయే ముందే దాని ఫలితం ఎట్లుంటుందో చిన్నమెదడు అంచనా వేస్తుంది. వచ్చిన స్పర్శ ఆ అంచనాతో సరిపోతే, స్పర్శను గ్రహించే మెదడు భాగం పెద్దగా స్పందించదు. మరుసటి ఏట వారే ఒక యంత్రాన్ని మధ్యన ఉంచి, చేతి కదలికకూ స్పర్శకూ నడుమ సెకనులో పదోవంతు నుంచి మూడు పదోవంతుల వరకు ఆలస్యం కల్పించారు. ఆలస్యం పెరిగినకొద్దీ సొంత చేతి స్పర్శ కూడా గిలిపెట్టసాగింది. ఊహించని స్పర్శకే ఆ శక్తి ఉన్నదన్న గ్రీకుల సమాధానం ఇరవైమూడు శతాబ్దాల తరువాత ప్రయోగశాలలో నిలబడింది.

ఈ సూత్రాన్ని వైద్యులు మెదడు చిత్రణ రాకమునుపే వాడుకున్నారు. కడుపు తడిమి చూడబోతే కొందరు రోగులు, ముఖ్యంగా పిల్లలు, గిలితో బిగదీసుకుపోతారు. కండరాలు బిగిస్తే లోపలి కాలేయం, ప్లీహం చేతికి అందవు. అప్పుడు రోగి చేతినే పొట్టపై ఉంచి, దానిపైన వైద్యుడు తన చేయి వేసి నొక్కుతాడు. సొంత చేయి మధ్యలో ఉండడంతో గిలి సన్నగిల్లి పొట్ట వదులవుతుంది. వైద్యవిద్యార్థులకు పడకప్రక్కనే నేర్పే చిట్కా ఇది. పిల్లవానికి అందులో మరొక లాభం ఉంది: తన శరీరంపై జరుగుతున్నదానిలో తనకూ చేయి ఉన్నదన్న ధైర్యం.

నవ్వు సాక్ష్యమా?

చక్కిలిగింతలకు వచ్చే నవ్వు అసలు నేర్చుకున్నదా, పుట్టుకతో వచ్చినదా? తల్లిదండ్రులు చక్కిలిగింతలు పెడుతూ తామూ నవ్వుతారు కనుక శిశువు వారిని చూసి నేర్చుకొంటాడేమో. అమెరికన్ మనస్తత్వవేత్త క్లారెన్స్ ల్యూబా దీనిని తన ఇంట్లోనే పరీక్షించాడు. తన పిల్లలకు చక్కిలిగింతలు పెట్టేటప్పుడు ముఖకవళికలు కనబడకుండా ముసుగు అడ్డుపెట్టుకొని, నవ్వు వినబడకుండా జాగ్రత్తపడ్డాడు. అయినా కొన్ని నెలల వయసుకే ఆ పిల్లలు చక్కిలిగింతలకు నవ్వసాగారు. 1941లో ఆయన ప్రచురించిన ఈ పరిశీలనను బట్టి, ఈ నవ్వు చాలావరకు సహజసిద్ధమైన ప్రతిచర్య అనుకోవాలి.

డార్విన్ హెకర్ సిద్ధాంతానికి 1997లో ఎదురుదెబ్బ తగిలింది. క్రిస్టీన్ హారిస్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ కాలిఫోర్నియాలో కొందరికి హాస్యచిత్రాలు చూపి ఆపై చక్కిలిగింతలు పెట్టారు, మరికొందరికి తారుమారుగా చేశారు. ఒక ఛలోక్తికి నవ్వినవాడు మరొక ఛలోక్తికి మరింత తేలికగా నవ్వుతాడు. కాని హాస్యం చూసి నవ్వినంత మాత్రాన చక్కిలిగింతల నవ్వు పెరగలేదు, చక్కిలిగింతల వల్ల హాస్యం రుచీ పెరగలేదు. 1999లో వారు, గిలిపెడుతున్నది యంత్రమని నమ్మించినా జనం అంతే నవ్వారని చూపారు. 2005లో హారిస్ మరొక పరిశోధకురాలితో కలిసి ముఖకవళికలను పరిశీలించినప్పుడు, చక్కిలిగింతలకు నవ్వే ముఖంలో నొప్పి పడేవారి ముఖంలో కనిపించే కదలికలు కూడా ఉన్నాయని తేలింది. ఆ చిరునవ్వుకూ, వారు నిజంగా ఆనందించారా లేదా అన్నదానికీ ముడి కనిపించలేదు.

మరి ఈ క్రీడలో ఆనందమే లేదా? ఉన్నది, కాని షరతుతో. 1990ల చివరలో యాక్ పాంక్‌సెప్, జెఫ్రీ బర్గ్‌డార్ఫ్ ఎలుకపిల్లలకు చక్కిలిగింతలు పెడితే అవి 50 కిలోహెర్ట్‌జ్ స్థాయిలో, మనిషి చెవికి అందని కీచుధ్వనులు చేయడం, పైగా ఆ చేతి వెంటే పరుగెత్తడం గమనించారు. 2016లో బెర్లిన్‌లో షింపే ఇషియామా, మైకేల్ బ్రెహ్ట్ అటువంటి ఎలుకలనే ఎత్తైన దిమ్మెపై, మిరుమిట్లు గొలిపే వెలుగులో ఉంచి చక్కిలిగింతలు పెట్టారు. భయపడిన ఎలుకలలో ఆ ధ్వనులు తగ్గాయి. స్పర్శను గ్రహించే మెదడు భాగంలోని నాడీకణాల స్పందన కూడా తగ్గింది. డార్విన్ చెప్పిన పిల్లవాడు, బెర్లిన్ ఎలుక ఒకే పాఠం చెబుతున్నారు: నమ్మకం ఉన్నచోట చక్కిలిగింత ఆట, నమ్మకం లేనిచోట అదే స్పర్శ బెదిరింపు.

ఎలుక భయపడితే ఆ ధ్వని తగ్గిపోతుంది. మనిషి విషయం ఇంకా చిక్కైనది. భయపడుతూ కూడా, బాధపడుతూ కూడా అతడు నవ్వగలడు. 17వ శతాబ్దపు జర్మన్ రచయిత గ్రిమ్మెల్స్‌హౌసెన్ తన సింప్లిసిసిమస్ నవలలో, ముప్పై సంవత్సరాల యుద్ధకాలపు సైనికులు ఒక రైతును కట్టిపడవేసి, అరికాళ్ళకు తడి ఉప్పు రాసి మేకచేత నాకించినట్లు రాశాడు. ఆ రైతు పగలబడి నవ్వుతూ, దాచుకున్న సొమ్ము ఆచూకీ చెప్పివేస్తాడు. ఆ నవ్వును చూచి అతడు సుఖంగా ఉన్నాడని ఎవరైనా అనగలరా?

మన ఇళ్ళలో

మన ఇళ్ళలో పసిపిల్లలతో ఆడే ఆట ఒకటి ఉంది. అరచేతిలో పప్పు రుబ్బినట్లు నటించి, ఒక్కొక్క వేలికి ఇంట్లోని ఒక్కొక్కరి పేరు చెప్పి ముద్దలు పంచి, చివరకు రెండు వేళ్ళను కాళ్ళలా నడిపిస్తూ ముంజేతి మీదుగా చంక వరకు తీసుకువెళ్తారు. తమిళనాడులో ఇదే ఆటలో పిల్లల చేతిపైకి ఎండ్రకాయ, నక్క పాకుతూ వస్తాయి. వేళ్ళు మోచేయి దాటకముందే పిల్లలు నవ్వడం మొదలుపెడతారు. ఇందులో పైన చెప్పినవన్నీ ఉన్నాయి: పాకివచ్చే చిన్న ప్రాణి, ఎప్పుడు తాకుతుందో తెలియని ఉత్కంఠ, తాకేది అమ్మమ్మేనన్న నమ్మకం. ప్రమాదానికి వేషం వేసి, దాని కోరలు పీకి, ఒడిలో కూర్చోబెట్టే విద్య ఇది. నవ్వు, స్పర్శ, మాట మూడూ కలిసిన ఇటువంటి ఆటలు శిశువుకూ పెద్దలకూ మధ్య అనుబంధాన్ని పెంచుతాయి. వాటిని మానుకోవలసిన పని లేదు.

మానవలసినది మరొకటి. పిల్లవాడు మెలికలు తిరుగుతూ "వద్దు, చాలు" అంటున్నా, నవ్వుతున్నాడు కదా అని ఇంకా పెట్టే పెద్దలు ప్రతి బంధువర్గంలోనూ ఉంటారు. ఊపిరి అందక కన్నీళ్ళు వస్తున్నా ఆ నవ్వునే అనుమతిగా భావిస్తారు. ఇంతదాకా చూచిన చరిత్ర అంతా ఆ భావన తప్పని చెబుతున్నది. ఆ నవ్వు శరీరం ఇచ్చిన జవాబు; వద్దన్న మాట మనిషి ఇచ్చిన జవాబు. రెండూ భిన్నంగా ఉన్నప్పుడు మాటనే నమ్మాలి.

ఆచరణలో ఇది ఎంతో సులభం. ఒకసారి పెట్టి ఆగండి. పిల్లవాడు మళ్ళీ చేయి చాపితే, మీ వేళ్ళ కోసం దగ్గరకు జరిగితే, అది నిజమైన ఆహ్వానం. ముడుచుకొని దూరం జరిగితే ఆట అయిపోయినట్లే. మాటలు రాని శిశువు తల తిప్పుకొంటే, వీపు విల్లులా వంచితే, ఏడుపుముఖం పెడితే అదీ "చాలు" అనడమే. బంధువులు, స్నేహితులు ఈ హద్దు దాటుతుంటే తల్లిదండ్రులే మధ్యలోకి వచ్చి ఆపాలి. మర్యాద పోతుందని ఊరకుండకూడదు. బడులలో నేడు మంచి స్పర్శ, చెడ్డ స్పర్శ అని పిల్లలకు నేర్పుతున్నారు. దుర్బుద్ధి గలవారు పిల్లలను తాకడం ఆట పేరుతోనే మొదలుపెట్టవచ్చు. తాను వద్దంటే ఇంట్లో తాతయ్య చేయి కూడా వెంటనే ఆగుతుందని చిన్ననాడే తెలిసిన పిల్లవానికి, ఆగని చేయి తప్పుడు చేయి అని గుర్తించడం తేలిక. భయపడినప్పుడు నవ్వు వచ్చినంత మాత్రాన తప్పు తనదేమోనని కుమిలిపోకుండా ఉండడమూ తేలిక.

గిలి అన్న ఒక్క మాటలో మన పూర్వులు నవ్వునూ భయాన్నీ కలిపి ఉంచారు. వాటిలో ఏది పైకి రావాలో నిర్ణయించేది మాత్రం తాకే చేయి.